రాయిపువ్వుకి పోసిన నీళ్ళు

మా ఆయన ఓడ దిగి ఇంటికొచ్చినప్పుడల్లా నాకేదో ఒకటి తెచ్చేవాడు. చీర తెచ్చాడు, సెంటు సీసా తెచ్చాడు, ఒకసారి గొడుగు కూడా తెచ్చాడు. ఆ ఏడు మాత్రం ఇద్దరు ఖలాసీల చేత రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు మోయించుకుని మా పాతపట్నం సందులోకి వచ్చాడు. ఒక డ్రమ్ములో ఒట్టి సముద్రం నీళ్ళు. రెండో దాన్లో నీళ్ళూ, నీళ్ళ అడుగున ఒక రాయీ. విశాఖపట్నంలో ఉప్పునీళ్ళకీ రాళ్ళకీ కరువొచ్చిందని అండమాన్ నుంచి మోసుకొచ్చావా బావా అని అడిగాను. నాకు నోరాగదు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ బావే, పెళ్ళయ్యాకా బావే. కుర్రతనంలో రేవులో ఓడలు బాగుచేసే డాక్‌లో పనిచేశాడు. నీళ్ళు తోడేసిన గుంటలో ఓడ నిలబడి ఉంటే, దాని అడుగుకి అంటుకున్న గవ్వలూ, నత్తలూ, పాచీ గీకడం వాళ్ళ పని. ఆ గవ్వలు కోసిన గాట్లు ఆయన చేతుల మీద చివరిదాకా ఉన్నాయి. గీకడం అయ్యాక ఎర్రరంగు పూసేవారట. ఆ తర్వాత పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళే ఓడలో ఖలాసీగా కుదిరాడు. నెల పైన సముద్రం మీద, వారం పది రోజులు ఇంట్లో. స్టీల్‌ప్లాంటు ఇంకా కడుతున్న రోజులవి. మా పుట్టిల్లు గాజువాక, మా అన్నయ్య ఆ పనుల్లోనే ఉండేవాడు. బావని కూడా రమ్మన్నాడు. అక్కడ దుమ్ము తినడం నావల్ల కాదని బావ ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఇంతకీ ఆ రాయి సంగతి. గాజుపలకలు కోయించి, ఓడలో అద్దాలకి వాడే జిగురేదో పెట్టి అతికించి, ట్రంకుపెట్టె అంత తొట్టి చేశాడు. ముందుగదిలో తూర్పు కిటికీ దగ్గర బల్ల మీద పెట్టి, అండమాన్ నీళ్ళు పోసి, ఇసక పరిచి, రాయిని మధ్యలో కూర్చోబెట్టాడు. బుడగలొదిలే చిన్న మోటారు ఒకటి బిగించాడు. రాయితోపాటే వచ్చిన ఒక చారల చేపా, గవ్వలో దాక్కునే ఒక పీతా దానికి తోడు. ఇదేం బొమ్మలకొలువురా నాయనా అని నేను పప్పు రుబ్బుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్న ఎండ కిటికీలోంచి తొట్టి మీద పడింది. బావ కేకేస్తే వెళ్ళి చూశాను. రాయి లేదు. రాయి ఉండాల్సిన చోట లేతాకుపచ్చ వేళ్ళు, ఎన్నని చెప్పను, ఒక్కో వేలు చివర ఒక పువ్వు విచ్చుకుని ఉంది. అన్నీ ఒకే వైపుకి వంగుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి. బావ గాజు మీద గోటితో తట్టాడు. అన్నీ ఒక్కసారి లోపలికి పోయి మళ్ళీ ఒట్టి రాయైపోయింది. మా అత్త వెనకనుంచి చూసి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. ఇదీ పగడమే, అయితే ఉంగరంలో పెట్టుకునే జాతి కాదు, బతికున్న పగడం అని బావ చెప్పాడు. అత్తకి ఆ మాట ఎక్కలేదు. ఆమె దానికి రాయిపువ్వు అని పేరు పెట్టింది. ఆ రోజునుంచీ మా ఇంట్లో దాని పేరు అదే.

అది ఒట్టి ముచ్చటకి తెచ్చింది కాదు. ఆ సాయంత్రం అన్నం తింటూ బావ అసలు విషయం చెప్పాడు. అండమాన్ ఓడలో తన పని ఇంకొక్క ట్రిప్పుతో ఆఖరు. పాతవాళ్ళని తీసేసి కొత్తవాళ్ళని పెట్టుకుంటున్నారు. ఒక ఏజెంటు విదేశీ సరుకు ఓడలో ఎక్కిస్తానంటున్నాడు, ఎక్కితే మాత్రం రెండేళ్ళదాకా దిగేది లేదు. రెండో దారి ఈ తొట్టి. బీచ్ రోడ్డులో హోటలు నడిపే ఆసామి ఒకడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఇలాంటి తొట్టి చూసి మనసుపడ్డాడు. మా ఇంట్లో రాయిపువ్వు నెల దాటి బతికితే హోటల్లో పెద్దది కట్టించుకుంటాడు, దాన్ని చూసుకునే పని బావకే ఇస్తాడు, తన తోటి హోటళ్ళవాళ్ళకి కూడా చెబుతాడు. నాకు కావలసిన మాట బావ చివర్న అన్నాడు.

"నాను తిరిగొచ్చేసరికి ఇది బతికుంటే నేలమీదే ఉంటాను. పోతే ఆ ఓడెక్కీడవే. మద్దిలో నన్నేటీ అడక్కండి."

నేను అత్త మొహం వైపు చూశాను. ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మా మామ చేపలవేటకి వెళ్ళి తిరిగి రాలేదు. తెప్ప దొరికింది, మనిషి దొరకలేదు. బావ అప్పటికి పాలు మరవని గుంటడు. వాణ్ణి తెప్ప ఎక్కనివ్వకూడదని ఆమె చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగి బడికి పంపింది. బడీ అబ్బలేదు, తెప్ప కాకపోతే ఓడెక్కాడు. రెండేళ్ళు అనేసరికి ఆమె లేచి చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

నాకూ అత్తకీ అప్పటికి పడేది కాదు. తమ్ముడి కూతుర్నని ముద్దుచేసి తెచ్చుకుంది గానీ, గుమ్మంలో అడుగుపెట్టిన రోజునుంచీ నేను చేసే ప్రతి పనికీ వంక పెట్టేది. చేప తోమితే పొలుసుందనేది, కూర వండితే పులుపు చచ్చిందనేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు, మాటకి మాట. ఇక ఆమె రాగిబిందె సంగతి చెప్పనే అక్కర్లేదు. అది వాళ్ళమ్మ ఇచ్చింది. తిండికి లేని రోజుల్లో కూడా తాకట్టుకి పోనివ్వలేదట. తాగేనీళ్ళు దాన్లోనే. రాగిబిందెలో ఒకపూట ఉన్న నీళ్ళకి ఏ దోషమూ ఉండదని ఆమె నమ్మకం, ఆమెదేంటి, మా అమ్మదీ మా అమ్మమ్మదీ కూడా. పొద్దున్నే చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి, కుళాయి నీళ్ళు పట్టి, మూత పెట్టేది. నన్ను ఆ బిందె మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. నీ చేతికిస్తే దానికి సొట్టలు పడతాయనేది.

బావ వెళ్ళేముందు నాకు అన్నీ నేర్పాడు. సబ్బు చెయ్యి పెట్టకూడదు. ఇనుప వస్తువు ఏదీ నీళ్ళకి తగలకూడదు, తుప్పు దాన్ని చంపేస్తుంది. ఎండకి నీళ్ళు ఇంకితే చెంబుడు మంచినీళ్ళు కలపాలి. వారానికోసారి కొంత పాతనీరు తీసేసి కొత్తగా తెచ్చిన సముద్రపు నీళ్ళు పొయ్యాలి, అవి కూడా వడగట్టి, ఒకపూట కదలకుండా ఉంచి, తేటపడ్డాకే. నీళ్ళ కోసం రేవు వైపు వెళ్ళొద్దు, అక్కడంతా డీజిలు. కొండ అవతల యారాడ ఒడ్డుకి వెళ్ళు, అక్కడి నీళ్ళు అండమాన్ నీళ్ళకి దగ్గరగా ఉంటాయి అన్నాడు. ఖాళీ డ్రమ్ములు రెండూ ఓడకి పట్టుకుపోయాడు, వచ్చేటప్పుడు మళ్ళీ నీళ్ళు తెస్తానని.

మొదటివారం రాయిపువ్వు పొద్దున్నే విచ్చుకునేది, పొద్దుగూకేసరికి ముడుచుకునేది. అత్త చేపలమ్మి వచ్చి తట్ట దింపగానే కాళ్ళయినా కడుక్కోకుండా కిటికీ దగ్గరికి వెళ్ళేది. పీత గవ్వని ఈడ్చుకుంటూ ఇసకలో తిరుగుతుంటే నవ్వేది. ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు.

వారం తిరిగాక నేను యారాడ వెళ్ళాను. రేవు కాలవ పడవలో దాటి, కొండెక్కి, దిగి, ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు వింతగా చూస్తుంటే మోకాలి లోతుకి వెళ్ళి రెండు ప్లాస్టిక్ క్యాన్ల నిండా నీళ్ళు ముంచుకున్నాను. ఆ క్యాన్లతో మళ్ళీ కొండెక్కి దిగేసరికి నా భుజాలు పడిపోయాయి. ఇంటికొచ్చాక కొత్త చిక్కు. ఈ నీళ్ళని దేన్లో తేటపరచడం? ఇంట్లో ఉన్న బకెట్లు ఇనుపవి. మట్టికుండలో పోస్తే మట్టి దిగుతుందేమోనని భయం. క్యాన్లలోనే ఉంచుదామంటే వాటికి మూతి చిన్నది, అడుగున చేరిన ఇసక బయటికి రాదు, పైగా ప్లాస్టిక్‌లో నీళ్ళు కుళ్ళిపోతాయని అత్త గోల. నేను విసిగిపోయి అయితే నువ్వే చెప్పు, నా నెత్తి మీద పోసుకోనా అన్నాను.

ఆమె గబుక్కున లేచింది. వంటింట్లోకి వెళ్ళి రాగిబిందె తెచ్చింది. అందులోని తాగేనీళ్ళు తులసి దగ్గర ఒంపేసింది. చింతపండు పెట్టి మళ్ళీ తోమి, పాత ధోవతి గుడ్డ నాలుగు మడతలు వేసి మూతికి కట్టి, నా ముందు పెట్టింది.

"దీన్లో పొయ్యి. మనం కుండలో నీల్లు తాగుదాం."

ఉప్పునీళ్ళు పోస్తే రాగి పాడవుతుందని ఏ ఆడదానికి తెలీదు? చిలుము పడుతుంది, పచ్చగా పట్టుకుంటుంది. తెలిసే తెచ్చింది. పాడైతే తోముకుంటానంది.  నేను పోస్తుంటే ఆమె గుడ్డ పట్టుకుంది, గుడ్డ జారితే నా చెయ్యి ఆమె చెయ్యి మీద వేసి పట్టుకున్నాను. ఆ రోజు మేమిద్దరం ఒకే కంచంలో అన్నం కలుపుకుని తిన్నాం.

మర్నాడు తేటనీళ్ళు తొట్టిలో పోశాం. రాయిపువ్వు ముడుచుకుంది. కొత్తనీళ్ళు కదా, బెదిరి ఉంటుంది అనుకున్నాం. సాయంత్రానికీ తెరుచుకోలేదు. ఆ మర్నాడు సగం వేళ్ళు బయటికొచ్చాయి గానీ చివర పువ్వులు విచ్చుకోలేదు. రెండు రోజులకి పీత గవ్వలోంచి సగం బయటికొచ్చి వేలాడుతూ కనిపించింది. పుల్లతో కదిపాను, కదల్లేదు. చారల చేప మాత్రం హుషారుగా తిరుగుతోంది, వేసిన మేతంతా తింటోంది. చేప బాగానే ఉంది కదా, నీళ్ళలో ఏ దోషమూ లేదు, పీతకి ఏదో అయ్యుంటుంది అన్నాను. అత్త కూడా అదే అంది. మా ఇద్దరికీ ఆ చేపే సాక్ష్యం.

మా వీధి చివర కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మాస్టారు ఒకాయన ఉండేవారు. వెళ్ళి బతిమాలితే వచ్చి చూశారు. పీత చచ్చి నీళ్ళు చెడిపోయి ఉంటాయి, నీళ్ళు మార్చండి, వారానికోసారి చాలదు, రెండు రోజులకోసారి మార్చండి అన్నారు. మంచి మనిషి, తెలిసినంతలో మంచి మాటే చెప్పారు. మేం దాన్ని పట్టుకున్నాం. రోజు విడిచి రోజు నేను యారాడ కొండెక్కడం, అత్త బిందె తోమడం. తోమినప్పుడల్లా పెరట్లో కాలవలోకి నీలంగా, పచ్చగా నీళ్ళు పోయేవి. ఒక్క రాత్రికే ఎంత చిలుము పట్టిందో చూడవే అనేది అత్త. చూశాను. నా రెండు కళ్ళతో చూశాను. ఆ పచ్చదనం బిందెకే అంటుకుంటుందనుకున్నాను గానీ నీళ్ళలోకి పోతుందని ఆలోచించే బుర్ర మా ఇద్దరికీ లేదు.

ఎంత మారిస్తే అంత పాడైంది. రాయి ఒక పక్క వేళ్ళన్నీ మెత్తబడి, చీదినట్టు నీళ్ళలోకి ఊడిపోయాయి. వాటి కింద తెల్లటి ఎముక బయటపడింది. నేను దాని ముందు కూర్చుని ఏడ్చాను. మనిషి పోతే ఏడుస్తారు, ఒక రాయి కోసం ఏడ్చేదాన్ని నన్నే చూడాలి. ఒక్కోరోజు కోపమొచ్చేది. ఏం కావాలే నీకు, నోరు తెరిచి చెప్పి చావరాదా అని గాజు మీద కొట్టేదాన్ని. వెంటనే భయమేసి క్షమించమని దణ్ణం పెట్టేదాన్ని.

మధ్యాహ్నాలు కరెంటు పోయేది. మోటారు ఆగిపోయేది. బుడగలు లేకపోతే దానికి ఊపిరాడదని బావ చెప్పాడు. అత్తా నేనూ వంతులేసుకుని ప్లాస్టిక్ మగ్గుతో నీళ్ళు ముంచి పైనుంచి పోస్తూ కూర్చునేవాళ్ళం, బుడగలొస్తాయని. చేపలమ్మి అలిసిపోయి వచ్చిన మనిషి, చెయ్యి నొప్పెడుతున్నా మగ్గు నాకిచ్చేది కాదు. నువ్వు కొండెక్కి వచ్చావు, పడుకోవే అనేది. ఆ నీళ్ళు పోస్తూనే మామ గురించి చెప్పింది, పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి. వేటకి వెళ్ళిన రోజు పొద్దున్న ఆయన ఒంట్లో బాలేదన్నాడట. పక్కింటి తెప్పలన్నీ వెళుతున్నాయి, నువ్వొక్కడివే పడుకుంటావా అని తనే లేపి పంపిందట.

"నానే పంపీసినానే. నా నోటితో నానే ఎల్లమన్నాను. ఈడిని పంపను. ఈ పువ్వు బతికితే సాలు."

 నీదేం తప్పు అత్తా, సముద్రం పని అది అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపుతూ నీళ్ళు పోస్తూనే ఉంది.

శనివారం ఇద్దరం సింహాచలం వెళ్ళాం. అప్పన్నకి మొక్కుకున్నాం. కొడుకు నేలమీద నిలబడితే మోకాళ్ళతో మెట్లెక్కుతానని అత్త మొక్కింది. నేను జుట్టు ఇస్తానన్నాను. నా జుట్టు మోకాళ్ళదాకా ఉండేది. అప్పన్నకి ఏమిచ్చినా ఇవ్వడానికి ఆ రోజు సిద్ధంగా ఉన్నాను. మధ్యలో మా అన్నయ్య వచ్చి తొట్టి చూసి, ఈ రాతి కోసం మీ ఇద్దరికీ పిచ్చెక్కిందా, బావని ప్లాంటులో చేర్చే పూచీ నాదంటే ఆయనే వినలేదు కదా అని కేకలేశాడు. నువ్వు ఆ మనిషిని మార్చగలవా, నేను దీన్ని బతికించగలిగితే చాలు, ఎళ్ళు అన్నాను.

ఓడ వచ్చే రోజు దగ్గరపడేసరికి రాయి మొత్తం తెల్లబడింది, అడుగున ఇసక వైపు అరచేతిలో పట్టేంత చోటు తప్ప. అక్కడ మాత్రం ఇంకా ఆకుపచ్చ మిగిలింది. ఎండ బాగా తగిలినప్పుడు ఏడెనిమిది వేళ్ళు బయటికొచ్చి కదిలేవి. మాకు అదే చాలు. బతికుంటే అన్నాడు గానీ మొత్తం బతికుంటే అనలేదు కదా. హోటలాయనకి కూడా చూపించొచ్చు, కాస్త దెబ్బతింది, మళ్ళీ పెరుగుతుంది అని చెప్పొచ్చు. నేనూ అత్తా ఏం చెప్పాలో కూడా మాట్లాడుకుని పెట్టుకున్నాం.

ఓడ రేవు బయట ఔటర్‌లో ఆగిందని, మధ్యాహ్నానికి రేవులోకి వస్తుందని కబురొచ్చింది. కొడుకు వచ్చేసరికి పువ్వు నిండుగా కనపడాలని అత్త తాపత్రయం. ముందు రోజు తెచ్చిన యారాడ నీళ్ళు బిందెడు తేటపడి ఉన్నాయి. కాస్త కాస్త కాదు, అన్నీ పోసేద్దాం, మంచి నీల్లు తగిల్తే తేరుకుంటాది అంది. నేను పాతనీళ్ళు సగానికి పైగా తోడేశాను. ఆమె రాగిబిందె ఎత్తి, పసిపిల్లకి తలమీద నీళ్ళు పోసినంత మెల్లిగా పోసింది. ఆ మిగిలిన వేళ్ళు చటుక్కున లోపలికి పోయాయి. ఇద్దరం బల్ల ముందు కూర్చుని చూస్తూనే ఉన్నాం. ఎండ కిటికీ దాటిపోయింది. అవి మళ్ళీ రాలేదు. నేను చూస్తుండగానే ఆ అరచేతంత పచ్చదనం మీద తెల్లటి జిగురు తేలింది.

బావ డ్రమ్ములతో గుమ్మంలోకి వచ్చేసరికి తొట్టిలో చేప ఒక్కటే తిరుగుతోంది. ఆయన డ్రమ్ములు కింద దింపాడు. దగ్గరికెళ్ళి వంగి చూశాడు, తెల్లటి రాయిని వేలితో తాకాడు. కాళ్ళు కడుక్కొస్తానని పెరట్లోకి వెళ్ళాడు. నేను తువ్వాలు పట్టుకుని వెనకే వెళ్ళాను. అక్కడ తోముడురాయి పక్కన రాగిబిందె బోర్లించి ఉంది, దాని మీద వడగట్టే గుడ్డ ఆరేసి ఉంది. గుడ్డ అంచంతా ఆకుపచ్చ మరక. బావ బిందెని నిలబెట్టాడు, లోపలికి చూశాడు, చెయ్యి పెట్టి అడుగు తడిమాడు, ఆ వేలు నాలిక మీద పెట్టుకున్నాడు. అత్త గుమ్మంలోకి వచ్చి, నీ పువ్వుకి నా బిందె ఇచ్చీసినాన్రా, కుండలో నీల్లు తాగుతన్నాం మేం అంది. తప్పు చేసిన గొంతు కాదది. చేయగలిగిందంతా చేశానని చెప్పుకునే గొంతు.

 బావ బిందెని మెల్లిగా కింద పెట్టాడు.

"నీ తప్పేటీ లేదమ్మా. తెచ్చినప్పుడే దానికి దెబ్బ తగిలినాది. ఓడలో నాను సరిగ్గా సూసుకోలేదు."

మర్నాడు ఏజెంటుని కలవడానికి వెళ్తూ నన్ను కూడా రమ్మన్నాడు. రేవు గోడ పక్కన నడుస్తూ అసలు సంగతి చెప్పాడు. డాక్‌లో గవ్వలు గీకాక ఓడ అడుగుకి పూసే ఎర్రరంగు ఉంటుంది చూడు, దాన్లో ఉండేది రాగే. అది పూస్తే సముద్రంలో ఉండే ఏ గవ్వా, ఏ నత్తా, ఏ పువ్వూ దానికి అంటుకుని బతకలేదు, అందుకే పూస్తారు. చేప కొంత తట్టుకుంటుంది, ఇవి తట్టుకోలేవు. తుప్పు గురించి చెప్పాను, సబ్బు గురించి చెప్పాను, ఉప్పునీళ్ళు ఎవరైనా రాగిబిందెలో పోస్తారా, అందుకే అది చెప్పలేదు అన్నాడు.

నేను గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. కొండెక్కి దిగిన దారంతా కళ్ళముందు తిరిగింది. ఒక్కొక్క బిందె గుర్తొచ్చింది. తన్నుకొచ్చిన కోపానికి అత్తని ఏమనాలో మాటలన్నీ వరసగా వచ్చేశాయి. ఇన్నేళ్ళు నా వంటకి పెట్టిన వంకలన్నీ ఒక్క మాటతో తీర్చుకోవచ్చు. ఇంకో రాయి తెచ్చుకుందాం బావా, ఈసారి గాజు జాడీలో ఉంచుతాను అన్నాను. ఎవడు తెస్తాడు, అండమాన్ ఓడ నాకు అయిపోనాది అన్నాడు. హోటలాయన పొద్దున్నే మనిషిని పంపి చూసుకున్నాడు, ఆయనకి చచ్చిన రాయి అక్కర్లేదు. మాట ప్రకారం బావ ఏజెంటుకి సరేనన్నాడు.

"మా అయ్యని తనే పంపీసినానని ఇప్పటికీ అనుకుంతాది. నన్ను కూడా తనే పంపినాదని తెలిస్తే అమ్మ ఉండదే. నీ నోరు నాకు తెలుసు. ఇదొక్కటీ మింగీ."

మింగాను. అది ఎంత పెద్ద ముద్దో నాకు తెలుసు. ఆ సాయంత్రం కూర ఉప్పగా ఉందని అత్త సణిగితే ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. మంచినీళ్ళు తాగి దింపేసుకున్నాను.

ఆయన బయలుదేరే రోజుకి రాగిబిందె తిరిగి వంటింట్లో తన పీట మీదికి వచ్చేసింది. తళతళలాడుతోంది, నిండా కుళాయి నీళ్ళు. బావ గుమ్మంలో సంచీ భుజానేసుకున్నాడు. అత్త ఏడవకూడదని పెదవి కొరుక్కుంటూ గ్లాసు ముంచి తెచ్చి, రాగిబిందె నీల్లు, ఓడలో ఇలాటివి దొరకవు, తాగీసి ఎల్లు నాయనా అంది. ఆయన ఆ గ్లాసు రెండు చేతులా అందుకుని చివరి చుక్కదాకా తాగాడు. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చాడు. నా వైపు చూడలేదు.

రెండో ఏడు వానల్లో అత్త మంచం పట్టింది. బావకి కబురు పంపినా ఆ ఓడ ఏ దేశంలో ఉందో మాకు తెలీదు. నోరు ఎండిపోతోందంటే నేను పక్కనే కూర్చుని చెంచాతో నీళ్ళు పోసేదాన్ని. మాట కూడబలుక్కోవడం కష్టమైపోయింది. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచి ముందుగది వైపు చూసింది. తొట్టి ఎప్పుడో తీసేశాం, కిటికీ మాత్రం ఉంది. నా చెయ్యి పట్టుకుంది.

"ఒలే, మనం పోసిన నీల్లు మంచివే కదా?"

"మంచివే అత్తా" అన్నాను. లేచి వెళ్ళి ఆ బిందెలోంచే గ్లాసు ముంచుకొచ్చి, తల కింద చెయ్యి పెట్టి లేపి, ఆమెకి తాగించాను.